ఆరోగ్య మనశ్శాస్త్రము: దాని పుట్టుపూర్వోత్తరములు

ఆరోగ్య మనశ్శాస్త్రమను పేరు క్రొత్తది. 1978లో అమెరికా మనశ్శాస్త్రజ్ఞుల సంఘమువారు దీనికై ప్రత్యేకశాఖ నొకదానిని నెలకొల్పి, జోసెఫ్ మాతరాజో అను పండితుని దానికి ప్రథమాధ్యక్షునిగా నెన్నుకొనిరి. అంతకు ఒక యేడాది ముందు జార్జి ఎంగెల్ అను వైద్యుడు, రోగమును దేహమునందు మాత్రమే వెదకుట చాలదనియు, రోగి మనస్సును, అతని కుటుంబమును, సంఘమును గూడ గణింపవలయుననియు వాదించెను. 'ఆధివ్యాధులు' అని జంటగా పలికిన మన పెద్దలకు ఇది తెలియనిదా యని కొందరు సభలలో సెలవిచ్చుచుందురు. తెలిసియుండవచ్చును. కాని తెలిసియుండుట వేరు, ఇంటింటికి పోయి అడిగి, లెక్క వ్రాసి నిరూపించుట వేరు. ఆ లెక్క వ్రాసిన తావులలో మన తెలుగు కుటుంబములు తరతరములుగా కాపురమున్న సీమలును గలవు. కనుకనే ఈ ప్రస్తావనకు పూనుకొంటిమి.

మొదట అమెరికా సంగతి. 1950 దశకపు తొలినాళ్లలో అచ్చటి ప్రజారోగ్యశాఖవారు క్షయను ముందుగనే కనిపెట్టుటకై ఎక్స్‌రే యంత్రములను బండ్లకెక్కించి వీధులలోనికి తెచ్చిరి. అయినను జనులు ఆశించినంతగా రాలేదు. కారణమేమో కనుగొనుటకు గాడ్‌ఫ్రే హాక్‌బామ్ అను మనశ్శాస్త్రజ్ఞుడు బోస్టన్, క్లీవ్‌లాండ్, డిట్రాయిట్ నగరములలో వేయిమందికి పైగా ప్రశ్నించెను. ఈ జబ్బు తమకును రావచ్చునని తలచుచున్నారా? ఒంట్లో బాగున్నప్పుడే కనుగొనినచో మేలు కలదని నమ్ముచున్నారా? ఈ రెండు నమ్మకములును గలవారిలో నూటికి 82 మంది తమంతట తామే ఎక్స్‌రే తీయించుకొనియుండిరి. రెండును లేనివారిలో 21 మంది మాత్రమే. 1958లో ఈ ఫలితములు వెలువడినవి. ఆరోగ్య విశ్వాస సిద్ధాంతమని తరువాత ప్రసిద్ధికెక్కిన దానికి పునాది ఇదియే.

అయితే ఇందొక చిక్కు కలదు. నమ్మకమే సర్వమనుకొన్నచో, రానివాడు మూఢుడనుట సులభమగును. మన దేశమున ఆ మాట అనుటకు అధికారులు ఏనాడును వెనుదీయలేదు. నడుమ మందు మానిన రోగిని క్షయ దస్త్రములలో 'డిఫాల్టరు' అని వ్రాసెడివారు. అప్పు ఎగవేసినవానికి వాడు మాట అది! గుమాస్తాగిరిలో జీవితము గడపిన మాకు ఆ మాట బరువెంతటిదో తెలియును. దస్త్రమున ఒకసారి అట్లు పడినవానిని కారణమేమని అడుగువారుండరు.

అడిగినవారు మద్రాసులోను, బెంగుళూరులోను ఉండిరి.

ఆ దినములలో క్షయకు శానిటోరియమే శరణ్యము. మదనపల్లె చెంత ఆరోగ్యవరము 1915 నుండియు ప్రసిద్ధమే కాని, రోగులకు సరిపడ పడకలు దేశమున ఎచ్చటనున్నవి? 1956లో మద్రాసున వెలసిన క్షయ చికిత్సాకేంద్రమువారు నగరములోని పేదలను 193 మందిని తీసికొని, కొందరిని శానిటోరియమునకు పంపి, తక్కినవారిని ఇరుకుటిండ్లలోనే ఉంచి, ఇరువురకును ఏడాదిపాటు ఒకే మందుల నిచ్చిరి. శానిటోరియమున మంచి తిండి, విశ్రాంతి. ఇంట అవి కొరత. అయినను ఏడాది చివర నెమ్మదించినవారు అచ్చట నూటికి 92, ఇచ్చట 86. కాని ఇంట మందు మ్రింగునది రోగియే. దగ్గు తగ్గినను నెలల తరబడి మానక మ్రింగవలయును. అందులకై ఆ కేంద్రమువారు చెప్పకుండ ఇండ్లకు పోయి మాత్రలు లెక్కించిరి, మూత్రము పరీక్షించిరి. డాక్టరు చీటీ వ్రాసినంతమాత్రమున చికిత్స జరిగినట్లు కాదని గ్రహించిన మొదటివారిలో ఆ కేంద్రపు వైద్యుడు వాలెస్ ఫాక్స్ ఒకడు.

ఇంతకంటెను మాకు ముఖ్యముగా తోచునది తుమకూరు జిల్లా వృత్తాంతము. ఆ జిల్లాలోని పావగడ తాలూకాలో పలు కుటుంబములకు ఇంటిభాష తెలుగేయని మన పాఠకులలో పలువురెరుగుదురు. 1959లో బెంగుళూరున స్థాపితమైన జాతీయ క్షయ సంస్థకు చెందిన దేబాబర్ బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ అనువారు ఆ జిల్లా గ్రామములలో ఎక్స్‌రేలో క్షయ ఛాయలు కనబడినవారిని, కనబడనివారిని గూడ విచారించిరి. పల్లెవాండ్రకు దగ్గు లక్ష్యము లేదను మాట అప్పట్లో వాడుకలో నుండెను. విచారింపగా రోగులలో నూటికి 95 మందికి తమ లక్షణములు తెలియును. సుమారు ముప్పాతికమందికి వాటిని గురించి దిగులున్నది. సగము మందికి పైగా అప్పటికే వైద్యశాల గడప త్రొక్కియుండిరి! క్షయ యన్నచో పిల్లలకు సంబంధములు తప్పునని ఇండ్లలో ఆ పేరే ఎత్తని కాలమది. అట్టి కాలమున కూలి పోగొట్టుకొని ధర్మాసుపత్రికి నడచిపోయినవారిని మూఢులనుట ఎట్లు? పోయినవారిలో పెక్కుమందికి అచ్చట దొరకినది దగ్గుమందు సీసా. కఫము పరీక్షించినవారు లేరు.

హాక్‌బామ్ రానివారి మనస్సును పరిశోధించెను. వీరు వచ్చినవారికేమి జరిగినదో కూడ కనుగొనిరి. ఈ రెండవ ప్రశ్న లేనిదే ఆరోగ్య మనశ్శాస్త్రము సగము శాస్త్రమేయని మా యభిప్రాయము.

బెనర్జీ, ఆండర్సన్ల వ్యాసము 1963లో అచ్చుపడినది. కాని ఆ సంస్థవారి ఇట్టి పరిశీలనల బలముననే 1962లో జాతీయ క్షయ కార్యక్రమము రూపొందెను. క్షయకు వేరుగా ఆసుపత్రులు కట్టువరకు ఆగక, దగ్గుతో ధర్మాసుపత్రికి వచ్చినవాని కఫమును అచ్చటనే పరీక్షింపవలయునని అందు నిర్ణయించిరి.