ఉపగ్రహ చిత్రాలలో పొగమంచు: తెలిసేది విస్తృతి, తెలియనిది దృశ్యమానత

(ప్రత్యేక వ్యాసం)

శీతకాలంలో ఉత్తర భారతాన్ని కప్పివేసే పొగమంచు ప్రభావం తెలుగు రాష్ట్రాల ప్రజలపైనా పడుతున్నది. డిసెంబరు, జనవరి మాసాలలో ఢిల్లీ నుండి హైదరాబాదు, విజయవాడలకు వచ్చే రైళ్లు గంటల తరబడి ఆలస్యంగా నడవడం, విమానాలు నిలిచిపోవడం తరచుగా జరిగేదే. అటువంటి రోజులలో తెల్లని దుప్పటి కప్పినట్లున్న ఉపగ్రహ చిత్రాలు పత్రికలలోనూ, టెలివిజన్ వార్తలలోనూ విరివిగా వెలువడుతుంటాయి. ఈ చిత్రాలు ఏమి తెలుపగలవో, ఏమి తెలుపజాలవో పాత్రికేయులు, అధికారులు ఎరిగి ఉండటం అవసరం.

పొగమంచు అంటే:

నేలను అంటి ఉన్న మేఘమే పొగమంచు. గాలిలోని నీటి తుంపరల వలన దృశ్యమానత వెయ్యి మీటర్ల లోపునకు తగ్గినప్పుడు దానిని పొగమంచుగా పరిగణిస్తారు. దృశ్యమానత 200 మీటర్ల లోపునకు పడిపోతే దట్టమైనదిగానూ, 50 మీటర్ల లోపునకు పడిపోతే అతి దట్టమైనదిగానూ భారత వాతావరణ విభాగం వర్గీకరిస్తున్నది.

సింధు, గంగా మైదానంలో దీనికి అన్ని పరిస్థితులూ సమకూరుతాయి. రాత్రులు దీర్ఘంగా ఉంటాయి. గాలి వేగం స్వల్పం. నదులు, సాగునీరు పారిన పొలాలు, శీతకాలపు వర్షాలు గాలికి తేమను అందిస్తాయి. నిర్మలాకాశం క్రింద నేల త్వరగా చల్లబడి, ఆ తేమ తుంపరలుగా మారుతుంది. ఉత్తరాన హిమాలయాలు గోడ వలె అడ్డు నిలుస్తాయి. లాహోర్ ప్రాంతం మొదలు పాట్నా దాటి, కొన్ని రోజులలో బంగ్లాదేశ్ వరకు, వెయ్యి కిలోమీటర్లకు పైబడి ఈ తెర పరచుకొంటుంది. ఇంతటి విస్తృతిని ఒక్క చూపులో చూపగలిగేది ఉపగ్రహం మాత్రమే.

పగటి చిత్రం:

పగటివేళ పొగమంచు సూర్యకాంతిని పరావర్తనం చేసి తెల్లగా, నునుపుగా కనిపిస్తుంది. దాని అంచులు కొండల పాదాలను, నదీలోయలను అనుసరించి ఉంటాయి. మేఘాలు గాలితో కదిలిపోతుండగా పొగమంచు ఉన్నచోటనే ఉండి, ఎండ పెరిగిన కొద్దీ సాధారణంగా అంచుల నుండి లోపలికి కరుగుతుంది. కనుక ఒకే చిత్రాన్ని గాక, వరుసగా తీసిన కొన్ని చిత్రాలను చూసినప్పుడే పొగమంచును, మేఘాన్ని వేరుగా గుర్తించడం సులభమవుతుంది. బూడిదరంగులో పలుచగా ఉండి, అడుగున నేల లీలగా కనిపిస్తే అది పొగ లేదా ధూళి అయ్యే అవకాశం ఎక్కువ.

రాత్రి చిత్రం:

రాత్రివేళ సూర్యకాంతి లేనందున పరారుణ కిరణాలపై ఆధారపడవలసి ఉంటుంది. పొగమంచు ఉపరితలపు ఉష్ణోగ్రత నేల ఉష్ణోగ్రతకు దాదాపు సమానం కావడంతో సాధారణ పరారుణ చిత్రంలో రెండూ కలిసిపోతాయి. దీనికి శాస్త్రజ్ఞులు ఒక ఉపాయం కనుగొన్నారు. నీటి తుంపరలు 10.8 మైక్రాన్ల వద్దకంటె 3.9 మైక్రాన్ల వద్ద తక్కువ సమర్థంగా వేడిని వెలువరిస్తాయి. ఈ రెండు తరంగాలలో ఒకే ప్రదేశానికి లభించిన ఉష్ణోగ్రతల మధ్య కొద్ది డిగ్రీల తేడా ఉంటే అక్కడ పొగమంచు గాని, నేలకు దగ్గరగా ఉన్న మేఘం గాని ఉన్నదని గ్రహిస్తారు. వార్తలలో వచ్చే లేత ఆకుపచ్చ రంగు చిత్రాలు ఈ పద్ధతిలో రూపొందినవే. ఆ రంగు కంప్యూటరు ద్వారా కల్పించినది. కాలుష్యానికి సూచిక కాదు.

భారత ఉపగ్రహాలు:

2002 సెప్టెంబరు 12న శ్రీహరికోట నుండి ప్రయోగించిన కల్పన-1 వాతావరణ పరిశీలనకు ఎంతగానో ఉపకరించినప్పటికీ, అందులో 3.9 మైక్రాన్ల గ్రాహకం లేదు. 2013 జూలై 26న ఫ్రెంచి గయానాలోని కౌరూ నుండి ప్రయోగించిన ఇన్‌శాట్-3డి ఆ లోటును తీర్చింది. అనంతరం ఇన్‌శాట్-3డిఆర్ 2016 సెప్టెంబరు 8న, ఇన్‌శాట్-3డిఎస్ 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోట నుండే నింగికెగిశాయి. దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున భూస్థిర కక్ష్యలో ఉండే ఈ తరహా ఉపగ్రహం అరగంటకొకసారి చిత్రం పంపగలదు.

పరిమితులు:

ఉపగ్రహానికి కనిపించేది పొగమంచు పైభాగం మాత్రమే. అడుగుభాగం నేలను తాకుతున్నదా, వంద మీటర్ల పైన ఆగిపోయినదా అనేది చిత్రం తెలుపదు. మొదటి సందర్భంలో రహదారిపై వాహనం నడపడం ప్రాణాపాయం. రెండవ సందర్భంలో ఆకాశం మబ్బుపట్టి ఉంటుందే తప్ప దారి స్పష్టంగానే కనిపిస్తుంది. పైన ఎత్తైన మేఘాలు కమ్మినప్పుడు క్రింది పొగమంచు అసలే కనిపించదు.

అంతకంటె ముఖ్యమైన పరిమితి సూర్యోదయ సమయానిది. లేత ఎండ సోకగానే 3.9 మైక్రాన్ల కొలతలో సూర్యకాంతి కలిసి రాత్రి పద్ధతి పనిచేయదు. పగటి చిత్రానికి ఇంకా తగినంత వెలుతురు ఉండదు. పొగమంచు తరచుగా అత్యంత దట్టంగా ఉండేది సరిగా ఆ వేళలోనే. అందుచేతనే విమానాశ్రయాలలో రన్‌వే వెంబడి దృశ్యమానతను కొలిచే పరికరాలను నెలకొల్పారు. ఢిల్లీ ఇందిరాగాంధీ విమానాశ్రయంలో 2015 శీతకాలం నుండి పొగమంచుపై ప్రత్యేక క్షేత్ర పరిశోధన కూడా చేపట్టారు.

తెలుగు రాష్ట్రాలకు వర్తించే అంశం:

ఇన్‌శాట్-3డి తరహా పరారుణ చిత్రంలో ఒక్కొక్క చుక్క సుమారు నాలుగు కిలోమీటర్ల ప్రదేశానికి సమానం. గంగా మైదానపు పొగమంచును గుర్తించడానికి ఇది చాలును. తెలుగు ప్రాంతాలలో మాత్రం పొగమంచు సాధారణంగా లంబసింగి వంటి కొండలోయలలో, చెరువుల చెంత, కాలువల వెంబడి, జాతీయ రహదారులపై అక్కడక్కడ తునకలుగా ఏర్పడి కొద్ది గంటలలో విడిపోతుంది. ఇటువంటివి రాత్రి చిత్రంలో నమోదు కాకపోవచ్చు. చిత్రంలో పొగమంచు లేనంత మాత్రాన రహదారిపై లేదని భావించరాదు.

గమనించవలసినవి:

ఉపగ్రహ చిత్రాన్ని ప్రచురించేటప్పుడు అది తీసిన తేదీ, సమయం, పగటి చిత్రమా రాత్రి చిత్రమా అన్నది పేర్కొనడం సముచితం. దృశ్యమానత ఎన్ని మీటర్లన్నది చిత్రాన్ని బట్టి గాక, వాతావరణ కేంద్రం లేదా విమానాశ్రయ పరిశీలన ఆధారంగా మాత్రమే తెలుపవలసి ఉంటుంది. రహదారి హెచ్చరికల విషయంలో వేకువజామున గస్తీ సిబ్బంది, క్షేత్రస్థాయి ఉద్యోగులు ఇచ్చే సమాచారానికి ప్రాధాన్యమివ్వాలి. పొగమంచు ఎంత దూరం వ్యాపించినదో ఉపగ్రహం చెబుతుంది. ఎదుటి వాహనం కనిపిస్తున్నదో లేదో నేలపై ఉన్నవారే చెప్పగలరు.