ధాత కరువు - పౌను గింజల లెక్క

ధాత కరువు మీద కథ రాసినా వ్యాసం రాసినా మనలో చాలామందిమి ఒకే వాక్యంతో మొదలుపెడతాం: ఆ ఏడు వాన కురవలేదు. నేనూ అలా రాసినవాణ్ణే. ఆ వాక్యం అబద్ధం కాదు. 1876లో, ధాత నామ సంవత్సరంలో, వానలు ఎగ్గొట్టాయి. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాల్లో చెరువుల అడుగులు నెర్రెలు విచ్చాయి. కాని వాన కురవకపోవడానికీ మనిషి చావడానికీ నడుమ చాలా మెట్లున్నాయి. ఆ మెట్లమీద ఎవరెవరు కూర్చున్నారో చూడకపోతే కరువును పంచాంగానికి అప్పగించినట్టే.

1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగోవంతు తగ్గిపోయింది. తగ్గింది ఎవరింట్లో? పెద్ద రైతుకు పాతరలో జొన్నలున్నాయి. కూలివాడికి రెక్కలున్నాయి, సాలెవాడికి మగ్గముంది. పైరు లేనప్పుడు కలుపు తీయడం లేదు, కోత లేదు, కాబట్టి కూలి లేదు. తిండికే చాలని రైతు కొత్త బట్ట కొనడు, కాబట్టి మగ్గం ఆగుతుంది. గింజల ధర ఆకాశానికెక్కిన నెలల్లోనే వీళ్ళ సంపాదన అడుగంటింది. ఆదోని మీదుగా రాయచూరు పోయే రైలుమార్గం 1871 నాటికే సిద్ధమయింది. మద్రాసు రేవులో దిగిన ధాన్యం ఆ రైలెక్కి వచ్చింది కూడా. వచ్చి, ఆకలి ఉన్న చోట కాదు, ధర పలికిన చోట ఆగింది. అవే సంవత్సరాల్లో మన దేశపు గోధుమలు ఓడలెక్కి ఇంగ్లండు పోతూనే ఉన్నాయి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది గనక గోదావరి డెల్టాలో పంట పండింది. అక్కడి మోతుబరికి ఈ కరువు మంచి బేరం. ఆ పొలంలోనే నాట్లు వేసిన కూలిమనిషి మాత్రం పెరిగిన ధరకే గింజలు కొనుక్కోవాలి.

ఇక అసలు సంగతి. సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి 1873-74లో బీహారులో కరువొచ్చినప్పుడు బర్మానుంచి బియ్యం తెప్పించి జనానికి అందించాడు. చావులు చాలా తక్కువ. మెచ్చుకోవలసినవాళ్ళు మెచ్చుకోలేదు సరికదా, ఖజానా డబ్బు దుబారా చేశాడని దుయ్యబట్టారు. టెంపుల్ ఆ పాఠం బాగా ఒంటబట్టించుకున్నాడు. 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు జరిపి విక్టోరియాను చక్రవర్తినిగా చాటిన వైస్రాయి లిట్టన్, ఆ నెలలోనే అతణ్ణి మద్రాసు పంపాడు. ఈసారి టెంపుల్ కరువు పనుల్లో మగమనిషికి దినకూలి నిర్ణయించాడు: ఒక పౌను గింజలు, పైన కొద్ది చిల్లర. ఆడవాళ్ళకూ పిల్లలకూ అంతకన్నా తక్కువ. పౌనంటే అరకిలోకు లోపు. రోజంతా రాయి కొట్టి మట్టి మోసే మనిషికి! మనిషి అతనే, కరువూ కరువే. మారింది పైవాళ్ళ మందలింపు. కరువు చావులు ప్రకృతి శాపమనేవాళ్ళకు ఇంతకన్నా జవాబు నాకు దొరకలేదు.

మద్రాసు ప్రభుత్వపు ఆరోగ్యశాఖ కమిషనరు కార్నిష్ ఈ కొలతను ఎదిరించాడు. పనిచేసే శరీరానికి కనీసం పౌనున్నర గింజలు, పైన పప్పూ కూరగాయలూ ఉండాలన్నాడు. ఆ తగాదా తర్వాత మద్రాసు ప్రభుత్వం పౌనుంబావుకు పెంచి కొంచెం పప్పు కలిపింది. ఒక మనిషి బతకడానికి ఎంత కావాలన్న ప్రశ్నను ఇద్దరు దొరలు పావు పౌన్ల తేడాతో బేరమాడుకున్నారు. కార్నిష్‌ను నేను తక్కువ చేయడం లేదు. ఆ పావు పౌనుతో బతికినవాళ్ళున్నారు. బొంబాయి రాజధానిలో కూలీలు ఈ కూలి మాకొద్దని పనిచోట్లు వదిలి వెళ్ళారు. పూనా సార్వజనిక సభ వాళ్ళ తరఫున మహజర్లు రాసింది. అన్నట్టు, మన బకింగ్‌హాం కాలువలో ఒక భాగం ఈ కరువు కూలీలు తవ్విందే. పేరు మాత్రం గవర్నరుగారిది.

1880 కరువు కమిషను కూడా ఒప్పుకోక తప్పలేదు: కరువంటే ముందుగా కూలివర్గానికి పనీ జీతమూ లేకపోవడమని. ఒప్పుకుని, ధాన్యం వర్తకం జోలికి మాత్రం సర్కారు పోరాదని అదే నోటితో చెప్పింది. వందేళ్ళ తర్వాత, 1981లో, అమర్త్యసేన్ 1943 నాటి బెంగాలు కరువును పరిశీలించి, తిండి లేక కాదు, తిండిమీద హక్కు లేక జనం చచ్చారని నిరూపించాడు. కమిషనుకు అది అరకొరగానైనా తెలుసు. తెలియడం వేరు.

మరి సాహిత్యం ఏం చేసింది? కరువునాడు అన్నం పెట్టిన ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి మీద రాయలసీమ జానపదులు పాటలు కట్టుకున్నారు. ఆ దాతృత్వం నిజమైనది. ఆ కృతజ్ఞత ఇంకా నిజమైనది. అయితే పాటకు నాయకుడు కావాలి. పాతర తెరిచినవాడు పాటలోకెక్కాడు. పాతర మూసుకున్నవాళ్ళు ఎక్కలేదు. గంజి పోసిన చెయ్యి కనబడింది, కూలి కోసిన చెయ్యి కనబడలేదు. అది జానపదుల తప్పు కాదు. మద్రాసులో దొర రాసిన ఉత్తర్వు కోవెలకుంట్ల కూలివాడు ఎలా చూస్తాడు? చూడగలిగిన మనం కూడా అదే మూసలో రాయడమే నాకు మింగుడుపడనిది. మన కరువు కథల్లో ఆకాశముంటుంది, డొక్కలెగిసిన ఎద్దు ఉంటుంది, చచ్చిపోయే తల్లి ఉంటుంది. అంగట్లో జొన్నల ధర ఉండదు. మస్టరు పుస్తకం చేతబట్టిన మేస్త్రీ ఉండడు.

నా పాత కథ ఒకటి ఈమధ్య మళ్ళీ తీశాను. అందులో తల్లి పనిచోటికి పోయి కూలి తెచ్చుకుంటుంది. ఆ కూలి ఎంతో నేను రాయలేదు. ఆ గింజలు ఎంతమందికి వండాలో లెక్క వేసి చూశాను: ముగ్గురు పిల్లలు, ఒక ముసలి అత్త. ఎవరికి ముందు వడ్డించాలో ఆమె నిర్ణయించుకునే ఘట్టం కథలో లేనే లేదు. ఇప్పుడు అక్కడినుంచి రాస్తున్నాను.