పెంపుడు పక్షుల శిక్షణలో పునర్బలనం: చరిత్ర

పక్షి ఒక పని చేసిన మరుక్షణమే దానికి ఇష్టమైనది అందితే, ఆ పనిని అది మళ్లీ చేస్తుంది. ఈ సూత్రం మీద నడిచే శిక్షణను మనస్తత్వశాస్త్రం ధనాత్మక పునర్బలనం అంటుంది. పక్షులు పెంచేవాళ్లు పాజిటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ అనే అంటారు. ఇది ఇరవయ్యో శతాబ్దపు ప్రయోగశాలలో పుట్టిందని చెప్పడం పరిపాటి. అది సగమే నిజం. మేత చూపి పక్షికి పని నేర్పే విద్య శతాబ్దాల నాటిది. బహుమతి ఎప్పుడూ ఉంది. దాని చుట్టూ ఆకలి, చీకటి, కత్తిరించిన రెక్కలు కూడా ఉండేవి. ఆ నిర్బంధాలు ఒక్కొక్కటిగా అనవసరమని తేలుతూ రావడమే ఈ పద్ధతి అసలు చరిత్ర.

డేగవేటను చూస్తే ఈ సంగతి స్పష్టమవుతుంది. డేగను కొట్టి లొంగదీయడం కుదరదు, వదిలిన క్షణంలో అది ఎగిరిపోగలదు. అది తిరిగి చేతి మీద వాలాలంటే అక్కడ మాంసం ముక్క ఉండాలి. పన్నెండో శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు తన 'మానసోల్లాసం'లో డేగలతో వేటను రాజవినోదాల్లో ఒకటిగా వర్ణించాడు. పదమూడో శతాబ్దంలో పవిత్ర రోమన్ చక్రవర్తి రెండవ ఫ్రెడరిక్ పక్షులతో వేట మీద పెద్ద గ్రంథమే రాశాడు. ఆ కాలపు శిక్షకులకు బహుమతి విలువ బాగా తెలుసు. అయినా కొత్తగా పట్టిన డేగ కనురెప్పలను దారంతో కుట్టేవాళ్లు, రాత్రుళ్లు నిద్రపోనివ్వకుండా అలసట పుట్టించేవాళ్లు. అరబ్బుల నుంచి వచ్చిన తోలు టోపీ కళ్లు కప్పడానికి అంతకన్నా సౌమ్యమైన మార్గమైంది. మన ఊళ్లలోని చిలకజోస్యంలోనూ ఇదే ద్వంద్వం కనబడుతుంది. చిలక పంజరంలోంచి బయటికి వస్తుంది, ఒక కార్డు లాగుతుంది, గింజ అందుకుని లోపలికి వెళ్తుంది. శిక్షణశాస్త్రం దృష్టిలో అది చక్కగా పేర్చిన పనుల వరుస. అయితే ఆ చిలక రెక్కలు కత్తిరించి ఉంటాయి. గింజ కోసమే అది లోపలికి వెళ్తున్నప్పుడు రెక్కలు కత్తిరించడం ఎందుకన్న ప్రశ్న చాలాకాలం ఎవరూ గట్టిగా అడగలేదు.

ప్రయోగశాల తెచ్చిన మొదటి మార్పు బహుమతి ఇచ్చే క్షణం మీద పట్టు. అమెరికాలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ విద్యార్థిగా ఉండగా కోడిపిల్లలతో ప్రయోగాలు మొదలుపెట్టాడు. వాటిని ఉంచుకోవడానికి చోటు దొరక్కపోతే గురువు విలియం జేమ్స్ తన ఇంటి నేలమాళిగ ఇచ్చాడు. తృప్తినిచ్చిన ప్రవర్తన స్థిరపడుతుందన్న సూత్రం 1898లో వెలువడిన థార్న్‌డైక్ పరిశోధనలోంచి రూపుదిద్దుకుంది. 1943లో మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ బృందం మినియాపొలిస్‌లో ఒక పిండిమిల్లు పై అంతస్తులో పావురాలతో బాంబులకు దారి చూపించే పథకం మీద పనిచేస్తోంది. ఒకరోజు ఖాళీ సమయంలో వాళ్లు ఒక పావురానికి ముక్కుతో చెక్కబంతిని దొర్లించడం నేర్పబోయారు. పూర్తి దెబ్బ కోసం కాచుకుంటే ఏమీ జరగలేదు. బంతి వైపు చూసినా, కాస్త దగ్గరికి వచ్చినా మేత ఇవ్వడం మొదలుపెట్టాక కొద్ది నిమిషాల్లోనే పావురం బంతిని గోడలకు తగిలేలా కొట్టసాగింది. పనిని చిన్నచిన్న మెట్లుగా విడగొట్టి మలచడం అన్న కిటుకు అక్కడ స్పష్టమైంది. 1951లో స్కిన్నర్ రాసిన ఒక వ్యాసం టిక్కుమనే పిల్లల ఆటవస్తువును శిక్షణకు సూచించింది. మేత అందేలోపు గడిచే క్షణాలను ఆ చప్పుడు పూరిస్తుంది, ఏ పనికి బహుమతి వస్తోందో పక్షికి చెబుతుంది. నేటి క్లిక్కర్‌కు మూలం అదే.

బహుమతి అందే క్షణానికి అంత ప్రాముఖ్యం ఎందుకో స్కిన్నర్ 1948 ప్రయోగం చెబుతుంది. ఎనిమిది పావురాలకు అవి ఏం చేస్తున్నా పట్టించుకోకుండా నిర్ణీత వ్యవధిలో మేత అందించారు. ఆరు పావురాలు ఏదో ఒక వింత చేష్టకు అలవాటు పడ్డాయి: ఒకటి గిరగిరా తిరిగేది, ఇంకొకటి తలను ఒక మూలకు విసిరేది. మేత అందిన క్షణంలో చేస్తున్న పనే స్థిరపడిందన్నమాట. ఇళ్లలోనూ ఇంతే: చిలక అరుస్తుంటే ఎవరో ఒకరు పరుగున వచ్చి కసురుతారు. మనిషి తోడు కోరే పక్షికి ఆ రాకే బహుమతి. దాని అరుపును మొండితనంగా భావిస్తాం గాని, చాలా ఇళ్లలో ఆ పాఠం మనం నేర్పిందే.

స్కిన్నర్ శిష్యులు కెల్లర్ బ్రెలండ్, మేరియన్ బ్రెలండ్ దంపతులు ఈ విద్యను వృత్తిగా మార్చారు. ఆర్కాన్సాలోని హాట్ స్ప్రింగ్స్‌లో 1955లో తెరిచిన వారి ప్రదర్శనశాలలో కోళ్లు నాట్యం చేసేవి, ఆటలాడేవి. అయితే వాళ్లు తమ వైఫల్యాలనూ నిజాయితీగా ప్రకటించారు. 1961 నాటి ప్రసిద్ధ వ్యాసం ప్రకారం, కదలకుండా నిలబడితే మేత పెడతామని నేర్పబోయిన కోళ్లలో సగానికి పైగా నేలను గీకడం మొదలుపెట్టాయి. తిండి వెతికే వంశపారంపర్య స్వభావం బహుమతి నియమాన్ని తోసేసి పైకొచ్చింది. పక్షి ఖాళీ పలక కాదని శిక్షకులు ఒప్పుకోవాల్సి వచ్చింది. ఈ చరిత్రలో నిజమైన మలుపు ఇదేనని నా అంచనా, ఎందుకంటే ఇక్కడి నుంచి పద్ధతే పక్షికి తగ్గట్టు వంగడం మొదలైంది.

బహుమతితో నేర్పే ఈ పద్ధతికి మొదటి అభ్యంతరం బలమైనదే: ఆకలి లేకపోతే పక్షి ఎందుకు పనిచేస్తుంది? ప్రయోగశాల పావురాలను మామూలు బరువులో దాదాపు 80 శాతానికి తగ్గించి ఉంచడం ఆనవాయితీ. కాని 1969లో పరిశోధకుడు అలెన్ న్యూరింజర్ చూపిందేమిటంటే, పక్కనే గిన్నెనిండా మేత ఉన్నా పావురాలు మీటను పొడిచి మేత సంపాదించుకున్నాయి. పని కూడా పక్షికి కావలసిందే. పరిశోధకురాలు ఐరీన్ పెప్పర్‌బర్గ్ 1977లో కొన్న ఆఫ్రికా గ్రే చిలక అలెక్స్ కథ ఈ సంగతిని ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లింది. వస్తువు పేరు సరిగ్గా చెబితే ఆ వస్తువే దానికి దక్కేది. 2007లో చనిపోయేనాటికి అది యాభైకి పైగా వస్తువుల పేర్లు, రంగులు, ఆకారాలు, చిన్న అంకెలు వాడగలిగేది. తాళంచెవి, కాగితం ముక్క కూడా బహుమతులు కాగలవని తేలాక ఆకలి వాదం బలహీనపడుతుంది. ఇంటి పక్షికి రోజువారీ మేత ఆపాల్సిన అవసరం లేదు. దానికి బాగా ఇష్టమైన పొద్దుతిరుగుడు గింజనో కొర్ర కంకినో శిక్షణ వేళకు దాచితే చాలు.

ఇది లంచం అనేది రెండో అభ్యంతరం. లంచం పనికి ముందు చూపించేది, పునర్బలనం పని తర్వాత దక్కేది. జీతం తీసుకుని పనిచేసేవాడిని లంచగొండి అనం కదా. శిక్షే త్వరగా ఫలిస్తుందనేది మూడోది. శిక్ష ప్రవర్తనను అణచిపెడుతుంది, కాని దాని స్థానంలో ఏం చేయాలో నేర్పదు. పైగా చెయ్యి చూస్తేనే భయపడే పక్షి తప్పించుకోవడానికి కరుస్తుంది. ఊరికే పట్టించుకోకపోవడం కూడా సరిపోదు. అలవాటైన బహుమతి హఠాత్తుగా ఆగితే పావురాలు పక్క పావురం మీద దాడి చేశాయని 1966లో పరిశోధకుడు అజ్రిన్ బృందం చూపింది. అరుపును పట్టించుకోని యజమాని, మెల్లని కూతకు వెంటనే బదులివ్వాలి.

మనిషి చేతిలోని గింజ కూడా అధికారమే కదా అన్న చివరి అభ్యంతరాన్ని కొంతవరకు ఒప్పుకోవాలి. పంజరంలోని పక్షికి మనిషికున్నంత స్వేచ్ఛ లేదు. అందుకే పని జరిగిందా అన్నది ఒక్కటే కొలమానం కాకూడదని మనస్తత్వవేత్త సూసన్ ఫ్రీడ్‌మన్ వాదించారు. పక్షికి తన పరిస్థితి మీద ఎంత పట్టు మిగిలిందన్నదీ చూడాలి. చెయ్యి చాపినప్పుడు వెనక్కి జరిగితే అది 'వద్దు' అంటోందని గ్రహించి ఆగడం ఈ దృష్టిలో శిక్షణలో భాగమే. బరువు తూచే త్రాసు ఎక్కడం, గోళ్లు కత్తిరించనివ్వడం వంటివి పట్టుకుని బిగించకుండా నేర్పడం ఇందువల్లే సాధ్యమైంది.

ఇవన్నీ మన ఇళ్లలో పెంచే బడ్జీలు, కాకటీల్‌ల వంటి పక్షులకు వర్తిస్తాయి. మన రామచిలకను పట్టడం, అమ్మడం, పంజరంలో ఉంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. మంచి పద్ధతిలో నేర్పుతామన్నది దానికి మినహాయింపు కాదు.