మగ్గము - మనసు

షోలాపురమున తొలి బట్టలమిల్లు 1877లో వెలసినది. నైజాము సీమనుండి బ్రతుకుతెరువుకై వచ్చిన మన పద్మశాలీలలో కొందరు మిల్లుపనిలో చేరిరి. పలువురు జోడ్‌భావి పేట మున్నగు పేటలలో ఇండ్లయందే మగ్గములు నాటి చీరలు నేసిరి. చేత విసరు నాడెను విడిచి, తాడు లాగినంతనే పరుగెత్తు నాడెను పట్టిరి. పిదప జకార్డు అమర్చి చద్దరులు, మరమగ్గములపై తువ్వాళ్లు నేసిరి. 2005-06లో ఆ రెంటికిని భౌగోళిక గుర్తింపు లభించినది.

ఇందు మేము గమనించునది ఒకటి కలదు. జకార్డులో అట్టలకున్న రంధ్రములనుబట్టి పడుగుపోగులు లేచును. అట్ట చెప్పినట్లు మగ్గము నేయును. ఏ అట్ట కట్టవలెనో మాత్రము మగ్గము చెప్పదు. అది కొనువారి అవసరమెరిగిన నేతగానికే తోచవలెను. పాత అట్టలనే త్రిప్పుచున్నచో, కొత్త మగ్గమున్నను సరకు కొట్టులోనే మిగులును.

నేడు కంప్యూటరు కొలువులలోని మన పిల్లలు 'ఎజైల్' అను మాట వినుచున్నారు. 2001లో అమెరికాలో 17 మంది కూడి చేసిన ప్రకటన దానికి మూలము. పద్ధతులకంటె, పనిముట్లకంటె మనుష్యులు, వారి మాటామంతి మిన్న యని అందు మొదటనే చెప్పబడినది. ప్రతిదినము నిలుచుండి మాటలాడుకొనుట పద్ధతి; తప్పు తేలిననాడు నేసినది విప్పుటకు వెనుదీయకుండుట మనసు. ఈ ఉగాదినాడు పిల్లలకు మనము ఒప్పగింపదగిన తాతలనాటి ఆస్తి అదియే.