ఖాళీ నెలకో మొక్క

ఉదయం ఆరు దాటింది. రాజమండ్రి నుంచి వేమగిరి మీదుగా వచ్చి, కడియపులంకలో రోడ్డు పక్కన కారు ఆపాం. కార్తీక మాసం. కాలువ మీద మంచు ఇంకా విడలేదు. తలుపు తీయగానే ముక్కుకి తగిలింది పూల వాసన కాదు. తడి మట్టీ, మాగిన గెత్తమూ కలిసిన వాసన. కాసేపటికి పూల మార్కెట్ వైపు నుంచి బంతి ఘాటు వచ్చింది. అక్కడ బేరాలు చీకటితోనే మొదలైపోయాయి. గోనె పట్టాల మీద బంతి, చామంతి, లిల్లీ రాశులు. ఆటోల్లోకి బుట్టలు ఎక్కుతున్నాయి.

"అటు కాదు, ఇటు నడు," అంటోంది అమ్మ. తన చేతిలో మడత పెట్టిన కాగితం ఉంది. నిన్న రాత్రి క్యాలెండర్ వెనక వైపు పన్నెండు గళ్ళు గీసి, జనవరి నుంచి డిసెంబరు దాకా రాసింది. గళ్ళన్నీ ఖాళీ.

ఆ కాగితానికి కారణం నేనే. కిందటేడు డిసెంబరులో ఇదే రోడ్డు మీద, కంటికి ఏది ఎర్రగా కనిపిస్తే అది కొని హైదరాబాదు పట్టుకుపోయాను. పెటూనియాలు, డాలియాలు. సంక్రాంతికి వాకిలి చూసి పక్కింటివాళ్ళు ఫొటోలు తీసుకున్నారు. మార్చి ఎండలకి ఆకులు వాలిపోయాయి. ఏప్రిల్‌లో మిగిలినవి మట్టి కుండీలు.

కారు డిక్కీలో, వెనక సీట్లో కలిపి పదిహేను మొక్కలకి చోటుంది. నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. పదిహేను మొక్కలతో పన్నెండు నెలలు నిండాలి. అదీ ఈ పూట పని.

నర్సరీ గేటు దాటగానే మొదటి వరుసల్లోనే వల పన్ని ఉంది. నిరుడు నన్ను పడేసిన పెటూనియాలే, ఊదా, గులాబీ, తెలుపు. వెనకాల డాలియాలు పళ్ళెమంత ఉన్నాయి. కాళ్ళు వాటంతటవే ఆగాయి. నర్సరీ ఆయన నవ్వుతూ వచ్చాడు.

"తీస్కెళ్ళండి అమ్మగారూ, వాకిలంతా కళకళ్ళాడిపోద్దండి."

"ఉగాదికి ఉంటాయా?" అంది అమ్మ.

ఆయన తడుముకోలేదు. "ఆయ్, ఉండవండి. చలి పూలండి ఇవి. ఎండ ముదిరితే పోతాయండి."

అమ్మ కాగితం విప్పింది. "మాకు ఏడాది పొడుగునా ఏదో ఒకటి పూయాలి బాబూ. నెలల లెక్కన చూపించు." ఆయన మొహంలో అమ్మకం పోయి ఆసక్తి వచ్చింది. "అయితే లోపలికి రండి," అన్నాడు.

లోపలికి వెళ్ళే కొద్దీ దారి సన్నబడుతుంది. రెండు వైపులా నల్ల కవర్లలో మొక్కలు, మధ్యలో ఒక మనిషి పట్టే గట్టు. ఓ మూల నలుగురు ఆడవాళ్ళు చకచకా కవర్లలోకి మట్టి నింపుతున్నారు. గోదావరి ఒండ్రు. పిడికిట పట్టి వదిలితే ముద్ద ముద్దగానే ఉంటుంది. పైన ధవళేశ్వరంలో 1847లో మొదలుపెట్టి 1852లో కాటన్ దొర పూర్తి చేసిన ఆనకట్ట ఈ లంకలకి కాలువ నీళ్ళు తెచ్చింది. ఆ నీళ్ళూ ఈ ఒండ్రూ కలిసిన చోట కొమ్మ గుచ్చితే మొక్కవుతుందంటే ఆశ్చర్యమేముంది!

మొదట చామంతి. పూలు విచ్చుకున్న మొక్క వైపు నా చెయ్యి వెళ్ళింది. నర్సరీ ఆయన దాన్ని పక్కకి జరిపి, పొట్టిగా గుబురుగా ఉన్న మరో మొక్క ఎత్తాడు. దానికి ఒక్క పువ్వూ లేదు. కొమ్మ కొసల్లో శనగ గింజంత మొగ్గలు, లెక్కపెట్టలేనన్ని.

"పూసింది మా దగ్గరే పూసేసిందండి. మొగ్గ మీద ఉన్నది మీ ఇంట్లో పూస్తాదండి."

నిరుటి అనుమానం ఒకటి అడిగాను. పెరట్లో పెట్టిన చామంతి బాగానే పూసింది, గేటు పక్కన పెట్టింది మాత్రం ఆకులేసుకుని నిలబడింది తప్ప మొగ్గ తొడగలేదు. ఎరువు తక్కువైందా?

"గేటు దగ్గర లైటుందాండి?"

ఉంది. వీధి దీపం, రాత్రంతా.

"అదేనండి. దానికి రాత్రి పొడుగవ్వాలండి. పొద్దు కుంచించుకుపోతేనే మొగ్గేస్తాది. మీ లైటు చూసి ఇంకా పగలే అనుకుందండి."

నేను ఎరువు మీద ఎరువు వేసిన మొక్క పాపం నిద్ర లేక అల్లాడిందన్నమాట. మూడు చామంతులు తీసుకున్నాం. పూత అయ్యాక మొదలుకంటా కోసేస్తే పక్కన పిలకలు లేస్తాయట. తొలకరికి వాటిని విడదీసి నాటి, ఆగస్టు దాకా తలలు తుంచుతుంటే గుబురుగా వస్తాయట. అమ్మ నవంబరు, డిసెంబరు, జనవరి గళ్ళలో 'చా' అని రాసింది.

తరవాత మల్లె. ఈ నెలలో మల్లె మొక్కని చూసి ఎవరూ మనసు పడరు. పుల్లలు, ముదురు ఆకులు, అంతే. అమ్మ మాత్రం వేళ్ళతో కొమ్మలు విడదీసి చూస్తోంది. అడుగు నుంచే మూడు నాలుగు కొమ్మలు చీలిన రెండు మొక్కలు ఏరింది.

"ఇప్పుడే నీళ్ళు పోసి ముద్దు చేయకు," అంది నాతో. "ముందు వేరు పట్టనీ. వచ్చే ఏడు నుంచి డిసెంబరులో నీళ్ళు తగ్గించి ఎండగట్టు. ఆకు దూసి, కొసలు కత్తిరించు. సంక్రాంతి వెళ్ళాక ఎరువేసి నీళ్ళు పెట్టు. మార్చిలో చూడు." తోటల్లోనైతే ఆకు రాల్చడానికి గొర్రెల మందని తోలతారని నర్సరీ ఆయన అందుకున్నాడు. మార్చి నుంచి జూన్ దాకా గళ్ళు తెల్లబడ్డాయి, మల్లె రంగులో.

ఎండాకాలానికి రంగు కూడా కావాలి కదా! గట్టు చివర కాగితం పూలు. ఒక గుత్తి కోసి అరచేతిలో పెట్టుకుంటే, మనం పువ్వు అనుకునే మూడు గులాబీ రేకులూ నిజానికి ఆకులే. మధ్యలో అగ్గిపుల్ల తలంత తెల్లగా మూడు కనిపిస్తాయి చూడండి, అవీ పువ్వులు. దీనికి నీళ్ళు ఎక్కువైతే ఆకులే వేస్తుంది. దాహం పుడితే పూస్తుంది. ఏప్రిల్ ఎండకి మా గేటు మీద ఇదే నిలబడాలి. ఒకటి చాలు.

గోడకి రాధామనోహరం ఒకటి. సాయంత్రం తెల్లగా విచ్చుకుని, మర్నాటికి గులాబీ రంగు తిరిగి, ఆపైన ఎర్రబడుతుంది. ఒకే గుత్తిలో మూడు రోజులూ పక్కపక్కనే కనిపిస్తాయి. వానలు వెనకబట్టాక పారిజాతం. రాత్రి పూసి, తెల్లారేసరికి నేల మీద నారింజ కాడలతో పరుచుకుంటుంది. వాన లిల్లీ దుంపలు గుప్పెడు కాగితంలో చుట్టి ఇచ్చాడు. జూన్‌లో గట్టి వాన పడిన నాలుగు రోజులకి అవే తలెత్తుతాయి. వాటికి సీటు అక్కర్లేదు, నా హ్యాండ్‌బ్యాగులో పడ్డాయి.

సెప్టెంబరు గడి దగ్గర అమ్మ ఆగింది. "మీ వీధిలో బతుకమ్మ ఆడతారుగా?" ఆడతారు. తంగేడు, గునుగు బయట దొరుకుతాయి. బంతి, సీతజడ పెరట్లోవైతే ఆ సంబరం వేరు. వాటికి మొక్కలు కొనలేదు, విత్తనాల పొట్లాలు కొన్నాం. జులైలో చల్లుకుంటే పండగకి అందుతాయి.

నడుమ నడుమ వెలితి రాకుండా నందివర్ధనం, నూరువరహాలు, ముద్దమందారం ఒక్కోటి. ఇవి దాదాపు ఏడాదంతా ఎంతో కొంత పూస్తూనే ఉంటాయి. మందారం తీసుకునేటప్పుడు అమ్మ ఆకు తిప్పి చూసింది. ఈనె పక్కన తెల్లటి దూది పింజ. పిండినల్లి. ఆ మొక్క పక్కన పెట్టి మరోటి తిప్పింది. మూడోది నచ్చింది. జనవరి, ఫిబ్రవరికి నాటు గులాబీలు రెండు, మల్లె లేని చలికాలంలో జడలోకి కాగడా ఒకటి.

డిసెంబరు పూల దగ్గర నేను ఆగాను. ఊదా రంగు, గొబ్బెమ్మల నాటి పూలు. అమ్మ చెయ్యి పట్టి లాగింది. "డిసెంబరాలు కొంటారుటే ఎవరైనా? మీ పిన్ని గోడ మీంచి రెండు కొమ్మలు విరిస్తే చాలు." నర్సరీ ఆయన పగలబడి నవ్వాడు. "నిజవేనండి," అన్నాడు.

లెక్క పెట్టాం. పద్నాలుగు. కాగితంలో ఖాళీ గడి లేదు. "ఆ పదిహేనోది నీ ఇష్టం," అంది అమ్మ. గేటు దగ్గరికొచ్చి ఒక ఊదా పెటూనియా ఎత్తుకున్నాను. మార్చిలో పోతుందని తెలిసే.

కారులో సర్దుతుంటే నర్సరీ ఆయన చివరి మాట చెప్పాడు. కవరు చింపాక వేళ్ళ చుట్టూ ఉన్న బంకమట్టిని అలాగే ఎర్రమట్టిలో పాతేయొద్దు. ముద్ద గట్టిపడితే నీళ్ళు చుట్టూ జారిపోతాయి, లోపల వేరు ఎండిపోతుంది. ముద్దని కాసేపు తడిపి, అంచుల మట్టి వేళ్ళతో మెల్లగా వదులు చేసి నాటాలి. కుండీలోకైతే ఎర్రమట్టి, గెత్తం, కొబ్బరి పొట్టు కలుపుకోవాలి. సాయంత్రం నాటి, నాలుగు రోజులు నీడన ఉంచాలి.

ఎండెక్కింది. కాలువ మీద మంచు పోయింది. మాకైతే అమ్మ ఉంది, పూల క్యాలెండరు నోటికి వచ్చు. మీ ఇంట్లో అలాంటి మనిషి లేకపోతే ఒకటి చేయండి. మీ పెరడు ఏ నెలలో బోసిపోయిందో ఆ నెలలోనే దగ్గర్లోని నర్సరీకి వెళ్ళండి. ముందు వరుసలు దాటి లోపలికి నడవండి. అక్కడ నేల పట్టి పెరిగే మొక్కల్లో ఏది పూసి ఉందో చూసి, అందులో మొగ్గ మీదున్నది తెచ్చుకోండి. ఏడాదికి నాలుగుసార్లు అలా వెళ్తే చాలు, క్యాలెండర్ వెనక గళ్ళు నిండుతాయి.