సబర్ కర్ బేటీ

హార్స్లీ కొండ కింద మదనపల్లెలోనైనా, అటు పుంగనూరు, కుప్పంలోనైనా, మొగుడు కొడుతున్నాడని పుట్టింటికొచ్చిన పిల్లతో మనం అనేది ఒకటే: "సబర్ కర్ బేటీ." బయటివాళ్లేమో సాయిబుల ఆడాళ్లకు చట్టమే లేదంటారు. ఇద్దరికీ 1939 గుర్తులేదు.

అంతకుముందు పంజాబులో, భర్త పీడ వదిలే దారిలేక కొందరు ముస్లిం స్త్రీలు మతమే వదిలేశారు. మతం మారితే నికా రద్దయినట్టేనని అప్పటి కోర్టులు తీర్పులిచ్చేవి. ఉలమా అప్పుడు ఉలిక్కిపడ్డారు, దెబ్బలు తిన్నప్పుడు కాదు. మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ మాలికీ ఫిఖ్హ్‌లో దారి వెతికారు. అలా వచ్చిందే 1939 ముస్లిం వివాహాల రద్దు చట్టం. మతం మారితే నికా దానంతటదే తెగిపోదని కూడా అందులోనే రాసుకున్నారు. అయితేనేం, రెండో సెక్షన్ చూడండి: భర్త అలవాటుగా కొట్టినా, చెయ్యెత్తకుండానే బతుకు నరకం చేసినా, ఆమె ఆస్తి అమ్మేసినా, భార్య కోర్టులో విడాకులు అడగొచ్చు. హిందూ వివాహ చట్టంలో క్రూరత్వం విడాకులకు కారణమైంది 1976లో.

విడాకులు వద్దనుకునే ఆమెకు 2005 గృహహింస చట్టం ఉంది. 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉన్న ఈ చట్టానికి మతంతో పనిలేదు. కొట్టొద్దని మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇస్తాడు, ఆ ఇంట్లోనే ఉండే హక్కూ ఇస్తాడు. దరఖాస్తుకు రక్షణాధికారి సాయపడాలి. 181కి ఫోన్ చేసినా చాలు.

నికా రోజున మెహర్ ఎంతో అందరికీ వినబడేట్టు చెబుతాం. ఈ సెక్షన్ సంగతి మాత్రం పెళ్లికూతురి చెవిన కూడా వెయ్యం.