భూకా దిమాగ్ దాస్తాన్

మా మొహల్లాలో ఒక మామూ ఉండేవారు. అసలు పేరెందుకు లెండి, అందరికీ మామూయే. రేడియో రిపేర్లలో ఉస్తాద్. షరాబ్ ఆయన్ని తినేసింది. చివరి రెండేళ్ళు తాగని రోజు కూడా నడక తూలేది. ‘పొద్దున ఏం తిన్నారు మామూ?’ అంటే ‘ఖీమా, పరాఠా’ అనేవారు. ఇంట్లో పొయ్యి వెలిగి రెండ్రోజులయ్యుండేది. నిన్న బెజవాడ వెళ్ళొచ్చానని ఖిస్సా చెప్పేవారు. గల్లీ దాటి ఉండరు. పిల్లలం నవ్వేవాళ్ళం. పెద్దవాళ్ళు ‘ఝూటా’ అని మొహమ్మీదే అనేసేవారు. షరాబ్ హరామ్ అన్న మాటతోనే మా ఇళ్ళల్లో ఫైసలా అయిపోతుంది. ఆ తర్వాత ఆ మనిషి దిమాగ్‌కి ఏమయ్యిందని తహ్‌ఖీఖాత్ చేసేదెవరు?

చేసినవాళ్ళున్నారు. ఆ దాస్తాన్ బెర్లిన్‌లో మొదలై, వింతగా మన కోస్తా వరి అన్నం దాకా వస్తుంది.

1881లో కార్ల్ వెర్నికె అనే జర్మన్ డాక్టర్ మెదడు జబ్బుల మీద రాసిన పెద్ద కితాబ్‌లో ముగ్గురు మరీజుల హాల్ చెప్పాడు. ముగ్గురికీ కనుగుడ్లు సరిగా తిరగవు, అడుగు తూలుతుంది, ఎక్కడున్నారో తెలీదు. కొద్దిరోజుల్లోనే ముగ్గురూ చనిపోయారు. పోస్ట్‌మార్టంలో మెదడు లోపలి గదుల చుట్టూ సూదిమొనంత నెత్తుటి చుక్కలు కనిపించాయి. ఇద్దరు బాగా తాగే మగవాళ్ళు. షరాబ్ జహర్, జహర్ దిమాగ్‌ని చంపింది అనుకుంటే లెక్క సరిపోతుంది. కానీ మూడో మనిషి ఇరవయ్యేళ్ళ కుట్టుపని అమ్మాయి. ఆమె సల్ఫ్యూరిక్ యాసిడ్ మింగింది. బతికింది గానీ కడుపు దారి మూసుకుపోయి, తిన్నదంతా వాంతి అయ్యేది. షరాబ్‌తో సంబంధం లేని ఈ పిల్ల మెదడులో కూడా అవే చుక్కలు! ఆ గవాహీని చాలా ఏళ్ళు ఎవరూ సరిగా వినలేదు. వెర్నికె కూడా దాన్ని వాపు జబ్బనే అనుకున్నాడు.

ఆ తర్వాత మాస్కోలో సెర్గేయ్ కోర్సకోఫ్. 1887 నుంచి నాలుగైదేళ్ళ పాటు ఆయన యాద్‌దాష్ట్ పోయిన మరీజుల గురించి రాశాడు. వాళ్ళతో మాట్లాడితే మామూలుగానే ఉంటారు, చదరంగం కూడా ఆడతారు. మీరు బయటికెళ్ళి కాసేపాగి వస్తే మాత్రం మిమ్మల్ని ఎప్పుడూ చూడనట్టే సలాం చేస్తారు. వారాల తరబడి మంచం దిగనివాడు నిన్న ఫలానా చోటికి వెళ్ళొచ్చానంటాడు. చదువుతుంటే నాకు బెజవాడ గుర్తొచ్చింది. అబద్ధమాడాలంటే ముందు నిజం తెలిసుండాలి కదా. వీళ్ళ దగ్గర నిజం లేదు. ఆ ఖాళీని దిమాగ్ తనంతట తనే నింపుకుంటుంది. కోర్సకోఫ్ మరీజులందరూ షరాబీలు కారు. టైఫాయిడ్ వచ్చినవాళ్ళూ, కాన్పు తర్వాత జబ్బుపడిన ఆడవాళ్ళూ ఉన్నారు.

ఇక అన్నం సంగతి. 1890 ప్రాంతంలో జావాలోని బటావియాలో క్రిస్టియాన్ ఐక్మన్ అక్కడి మెడికల్ స్కూలుకీ, ప్రయోగశాలకీ ముఖ్యుడు. ఫౌజీ దవాఖానాలో మిగిలిన తెల్లన్నం తింటున్న ఆయన కోళ్ళకి కాళ్ళు పడిపోయాయి. ఇంతలో కొత్త బావర్చీ వచ్చాడు. సిపాయిల అన్నం కోళ్ళకెందుకని ఆపేశాడు. ముడిబియ్యం మొదలయ్యింది, కోళ్ళు లేచి తిరిగాయి. బావర్చీ పిసినారితనం సైన్సుకి ఇంత మేలు చేసిన సందర్భం ఇంకోటి నాకు తెలీదు! అక్కడి సిపాయిల్ని, కైదీల్ని చంపుతున్న బెరిబెరి జబ్బూ ఇలాంటిదే. తవుడులో ఉన్నదేదో పాలిష్ బియ్యంలో లేదు.

ఆ బెరిబెరి మన ఇంటి జబ్బు కూడా. ఉత్తర సర్కార్లు అని ఇంగ్లీషువాళ్ళు పిలిచిన మన కోస్తా జిల్లాలు దానికి బద్నాం. జాన్ గ్రాంట్ మాల్కంసన్ అనే డాక్టర్ 1835లోనే మద్రాసులో దాని మీద కితాబ్ అచ్చేశాడు. 1924లో కూనూరు నుంచి మెకారిసన్, నారిస్ ఇద్దరూ దాని మీద తహ్‌ఖీఖాత్ చేశారు. ఉప్పుడు బియ్యం తినే తావుల్లో జబ్బు తక్కువ, మిల్లాడించిన పచ్చిబియ్యం తినే మన దగ్గర ఎక్కువ. ఉడకబెట్టి ఎండబెడితే తవుడులోని సత్తా గింజ లోపలికి పోతుంది. మనం బియ్యం కడిగిన నీళ్ళు కుడితిలోకి, గంజి గేదెకి పోసేవాళ్ళం. నీళ్ళలో కరిగే ఆ విటమిన్‌లో సగం మన గేదెలే తాగాయేమో!

ఆ విటమిన్ పేరు బి1, థయమిన్. దాన్ని 1936లో ప్రయోగశాలలో తయారుచేసిన రాబర్ట్ విలియమ్స్ పుట్టింది ఎక్కడనుకున్నారు? నెల్లూరులో, 1886లో, అమెరికన్ మిషనరీల ఇంట్లో. నెల్లూరోళ్ళు ఈ మాట ఎందుకు చెప్పుకోరో నాకర్థం కాదు.

కాళ్ళ జబ్బుకీ షరాబీ దిమాగ్‌కీ రిష్తా కలిపింది ఆక్స్‌ఫర్డ్ బయోకెమిస్ట్రీ ప్రొఫెసర్ రుడాల్ఫ్ పీటర్స్ పావురాలు. పాలిష్ బియ్యం మీద ఉంచితే పావురం తల వెనక్కి విల్లులా వంగిపోతుంది. బి1 ఇస్తే గంటల్లో లేచి నిలబడుతుంది. అంత తొందరగా కోలుకుందంటే మెదడు చచ్చిపోలేదన్నమాట, ఆగిపోయింది. ఆయన బృందం ఆ పావురాల మెదడు తీసి, గాజుపాత్రలో చక్కెర ద్రావణంలో వేసి, ఎంత ఆక్సిజన్ తీసుకుంటుందో కొలిచింది. మామూలు పావురం మెదడు కంటే తక్కువ. అదే పాత్రలో పిసరంత బి1 కలిపితే ఆక్సిజన్ వాడకం మళ్ళీ పెరిగింది. పావురం లేదు, గుండె లేదు, నెత్తురు లేదు. పాత్రలోని మెదడు ముక్క ఒక్కటే తన భూక్ తీర్చుకుంది!

చక్కెర సగం దాకా విరిగి, పైరువేట్ అనే మజిలీ దగ్గర ఆగిపోతోంది. ముందుకెళ్ళడానికి తాళంచెవి బి1. మన బరువులో మెదడు వంతు నూటికి రెండు, తినే శక్తి మాత్రం నూటికి ఇరవై దాకా. ముందు ఆకలయ్యేది దానికే. మైక్రోస్కోప్‌కి కూడా ఏమీ కనిపించకముందే జరిగే ఈ నష్టానికి పీటర్స్ పెట్టిన పేరు జీవరసాయన గాయం. షరాబీ అన్నం మానేస్తాడు; తిన్న కాస్తలోని బి1ని కూడా షరాబ్ పేగుల్లో పీల్చుకోనివ్వదు. ఒంట్లో దాచుకున్నది కొన్ని వారాలకే సరి. 1940లో అమెరికాలో లియో అలెగ్జాండర్ బి1 లేని పావురాల మెదడులో వెర్నికె చుక్కల్నే చూపించాడు.

అయినా శక్‌లుంటే సింగపూర్ కైదీలు తీర్చేశారు. 1942లో జపాన్ చేతికి చిక్కిన సిపాయిలకి తిండి తెల్లన్నం, షరాబ్ బొట్టు లేదు. వాళ్ళల్లో 52 మందికి వెర్నికె జబ్బొచ్చిందని, తోటి కైదీలైన ఇద్దరు డాక్టర్లు డి వార్డెనర్, లెనాక్స్ నోట్ చేసుకుని, ఆ కాగితాల్ని నేలలో పాతి దాచి, 1947లో అచ్చేశారు. బి1 అందినవాళ్ళు కోలుకున్నారు. వెర్నికె చూసిన కుట్టుపని పిల్ల గవాహీ 66 ఏళ్ళకి చెల్లింది.

ఇంత తెలిశాక కూడా, 1979లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో క్లైవ్ హార్పర్ పోస్ట్‌మార్టంలో ఈ జబ్బు తేలిన 51 మంది కాగితాలు తిరగేస్తే, బతికుండగా డాక్టర్లు పట్టుకున్నది ఏడుగురినే. 1991 నుంచి ఆ దేశంలో బ్రెడ్ పిండిలో థయమిన్ కలపడం చట్టం చేశారు. డాక్టర్లకి ఇంకో హెచ్చరిక కూడా ఉంది. బి1 అడుగంటిన షరాబీకి ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే, ఆ చక్కెరని విరగ్గొట్టడానికి మిగిలిన కాస్త బి1 కూడా ఖర్చయిపోయి జబ్బు ముదరొచ్చు. గ్లూకోజ్‌తో పాటు, వీలైతే ముందే, థయమిన్ సూది పడాలి.

మామూని ఆఖరిసారి దవాఖానాకి రిక్షాలో తీసుకెళ్ళినప్పుడు నేను కూడా వెళ్ళాను. ‘బలం లేదు’ అని గ్లూకోజ్ బాటిల్ పెట్టారు. మామూ నా వైపు చూసి, ‘నిన్న బెజవాడలో నీకోసం మిఠాయి కొన్నా బేటా’ అన్నారు. బాటిల్‌తో పాటు ఇంకేమైనా ఇస్తున్నారా అని అడగాలని అక్కడున్న మాకెవరికీ తెలీదు.